ఎనిమిదిన్నర వార్తల తోక

కైరో
అక్టోబరు 2, 1987

ఫిక్రీ బావా,

నీ ఫోన్ చచ్చి ఎన్నాళ్లయిందయ్యా? నీ నంబరు తిప్పిన ప్రతిసారీ ఎవరో చేపలమ్మే ఆవిడ పలుకుతోంది. మొన్న ఆవిడ ఏమందో తెలుసా? "మీ బావగారెవరో నాకు తెలీదు గానీ, మీ గొంతు అచ్చం రేడియోలో వార్తలు చదివే పెద్దాయన గొంతులా ఉంది. పెట్టేయకండి, ఇంకాస్త మాట్లాడండి" అంది. మాట్లాడాను. ఏం చేయను, అడిగింది కదా. మీ అక్క బహియా పక్కనే నిలబడి, "రిటైరైనా ఈయనకు శ్రోతలు దొరుకుతూనే ఉంటారు" అని నెత్తి కొట్టుకుంది.

నా చెల్లెలు, నీ కౌసర్, పోయాక రంజాను వచ్చి వెళ్లింది, బక్రీదూ వెళ్లింది. రెంటికీ రమ్మన్నాం. నువ్వు రాలేదు. ములోఖియా కూర వండిన ప్రతిసారీ మీ అక్క నీ పేరు చెప్పి ఒక గరిటె ఎక్కువ వేస్తోంది. అది కూడా నేనే తింటున్నాను. నా చొక్కాల గుండీలకు నువ్వే జవాబుదారీ.

నేను ఖాళీగా లేను. కొత్తగా చేరిన వార్తల పిల్లలకు పాఠం చెప్పమన్నారు. నిన్న ఒకడు, మంత్రిగారు విమానం దిగారన్న వార్తను ఆయన పోయారన్నంత దిగులుగా చదివాడు. ఇంకో అమ్మాయి, వరదలో ఊళ్లు మునిగాయన్న వార్తను పెళ్లి పిలుపులా చదివింది. నా ఆయుష్షు తగ్గుతోంది బావా.

వంట చేసుకుంటున్నావా? అన్నం తింటున్నావా? రెండు ముక్కలు రాయి. నీ సంగతి తెలుసు, మూడో ముక్క రాయవు.

నీ బావ
సఫ్వత్


అలెగ్జాండ్రియా
అక్టోబరు 19

బావగారికి సలాం.

ఉత్తరం అందింది. ఫోన్ పాడైన మాట నిజమే. ఆఫీసుకు వెళ్లి చెప్పాలి. వెళ్లలేదు.

ఆరోగ్యం బాగుంది. రొట్టె, చిక్కుడు గింజలు, జున్ను తింటున్నాను. అన్నం వండడం మానేశాను. ఒక్కడి కోసం గిన్నె ఎక్కించబుద్ధి కాదు.

మీవల్ల ఒక సాయం కావాలి. కౌసర్ ఫొటోలు ఇంట్లో చాలా ఉన్నాయి. గొంతు లేదు. వేసవి దాకా తలచుకుంటే వినిపించేది. ఇప్పుడు ఆమె మాటలు గుర్తొస్తున్నాయి గానీ అవి నా గొంతుతో వస్తున్నాయి. ఇలాగే వదిలేస్తే మిగతాది కూడా పోతుందని భయంగా ఉంది.

నేను పత్రికలో రాసిన ప్రతి పనికిరాని ముక్కా గ్రంథాలయంలో అట్టలు కట్టి దాచారు. అలెగ్జాండ్రియా మురుగు కాలువల మీద నేను రాసింది ఇప్పుడు కావాలన్నా దొరుకుతుంది. ఇన్నేళ్లు దేశమంతటికీ వార్తలు చదివిన మనిషి గొంతు ఒక్క టేపులోనైనా ఉండదా? కాస్త వెతికించండి. ఎంత చిన్నదైనా చాలు.

అక్కకు సలాములు.

ఫిక్రీ


కైరో
నవంబరు 6

బావా,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించబోయాను. సగంలో ఆపి కాగితం ఆవిడ చేతిలో పెట్టేశాను. ముప్పై ఏళ్లలో చదువుతూ ఆగిపోవడం ఇదే మొదలు. మిగతాది ఆవిడే చదువుకుంది.

రేడియో భవనమంతా గాలించాను. నన్ను చూసి గేటు దగ్గర జవాను లేచి నిలబడ్డాడు, లోపల ఒక్కడూ లేవలేదు. సరే, అది వేరే బాధ. టేపుల గదిలో పాటలున్నాయి, నాటకాలున్నాయి, ఫుట్‌బాల్ ఆటలున్నాయి, ఒక ఒంటె పందెం కూడా ఉంది. వార్తలు లేవు. నాకు ముందే తెలుసు, ఒప్పుకోవడానికి మనసు రాలేదంతే. రాత్రి వార్తల టేపు మీద పొద్దున్నే పొద్దుటి వార్తలు ఎక్కించేవాళ్లం. నిన్నటి వార్త ఎవరికి కావాలి?

అయితే ఒక దారి ఉంది. ఎనిమిదిన్నర వార్తలు అయిన వెంటనే గురువారాల్లో పాట కచేరీ వచ్చేది కదా. పాటలో మొదటి తీగ కూడా పోకూడదని జనం ముందే క్యాసెట్ తిప్పేవాళ్లు. అలా ఇంటింటి క్యాసెట్లలో పాట ముందు మా వార్తల తోక అతుక్కుని ఉంటుంది. కానీ గురువారాలు నావి. దేశమంతా రేడియో ముందు కూర్చునే రోజును నేనెందుకు వదులుకుంటాను! నాకు గవదబిళ్లలు లేచిన ఆ ఒక్క చలికాలమే కౌసర్ గురువారాలు చదివింది. అప్పటి క్యాసెట్ ఎవరి దగ్గరైనా ఉండాలి. నువ్వు పత్రికవాడివి, ఒక ప్రకటన వేయించు.

దాని చదువు నాకింకా చెవిలో ఉంది. నేనే నేర్పాను కాబట్టి చెప్పుకోకూడదు గానీ, మచ్చలేని చదువు. ఒకే ఒక్క లోపం. కాగితం. మైకు ముందు కాగితాన్ని తిప్పకూడదు, చప్పుడు కాకుండా పక్కకు జరపాలని మొదటి రోజే చెప్పాను. వార్తలన్నీ పట్టులా జరిపేది. చివర వాతావరణం చదివాక మాత్రం ఆ ఆఖరి కాగితాన్ని కరకరమని నలిపేది! అధికారులు రెండుసార్లు మెమో ఇచ్చారు. "ఎందుకే అలా చేస్తావు?" అంటే, "చెయ్యి జారిందన్నయ్యా" అని నవ్వేది. అన్నిసార్లు ఎలా జారుతుంది? మొండిఘటం.

ప్రకటన నీ మాటల్లో వద్దు. తంతి కంటే పొట్టిగా ఉంటుంది. నేను రాసి పంపుతున్నాను.

సఫ్వత్


అలెగ్జాండ్రియా
డిసెంబరు 11

బావగారికి సలాం.

మీరు రాసి పంపిన ప్రకటన చాలా బాగుంది. అందులో మీ గురించి ఉన్న తొమ్మిది వాక్యాలు తీసేశాను. మిగిలిన రెండూ నేనే మళ్లీ రాశాను.

మా పాత పత్రిక వాళ్లు ప్రకటన వేశారు. ఏ శీర్షిక కింద వేయాలో తెలియక ‘కనబడుట లేదు’ కింద వేశారు. పైన ఒక గాడిద, కింద ఒక మతిమరుపు పెద్దమనిషి. మధ్యలో కౌసర్ గొంతు. ఆమె చూస్తే రోజంతా నవ్వేది. నేనూ కొంత నవ్వాను.

మన రెండు చిరునామాలూ ఇచ్చాను. మనుషులు వస్తున్నారు. ఒక ట్రాము కండక్టరు, ఒక పంతులమ్మ, ఇద్దరు అన్నదమ్ములు, ఇంకా కొందరు. గాడిద దొరికిందా అని అడగడానికి కూడా ఒకాయన వచ్చాడు. అందరికీ టీ ఇచ్చాను. చాలా రోజులకు ఇంట్లో గ్లాసులు చాలలేదు. పక్కింటివాళ్ల దగ్గర తెచ్చాను.

తెచ్చిన క్యాసెట్లన్నీ విన్నాను. అన్నింట్లోనూ మీరే ఉన్నారు.

ఒకదాంట్లో మీరు తుమ్మారు.

కండక్టరు నా ముఖం చూసి, "ఈ గొంతు కాదా సార్? ఇంకాస్త వినండి, ముందుకెళితే మారుతుందేమో" అన్నాడు. మారదని చెప్పాను. పంతులమ్మ మాత్రం, "మా ఇంట్లో ఆవిడ చదివితే మా నాన్న రేడియో గట్టిగా పెట్టేవారు, మీ బావగారు చదివితే తగ్గించేవారు" అంది. ఇది మీకు రాయకూడదనుకున్నాను. రాశాను.

ఇంకా వెతుకుదాం.

ఫిక్రీ


కైరో
జనవరి 8, 1988

బావా! బావా! బావా!

దొరికింది.

ముందు ఒక్క మాట. నేను ఎన్నడూ మైకు ముందు తుమ్మలేదు. అది ఆ ఇంట్లోవాళ్ల తుమ్ము అయి ఉంటుంది. ఇక ఆ పంతులమ్మ తండ్రికి చెవుడనుకుంటాను.

దమన్‌హూర్‌లో చెరకురసం దుకాణం పెట్టుకున్న షల్బీ అనే హాజీ, మిషను సామాను కొనడానికి కైరో వచ్చి, చేతిలో పత్రిక ముక్కతో మా తలుపు కొట్టాడు. నన్ను చూసి, "గవదబిళ్లలు తగ్గాయా మేష్టారూ?" అన్నాడు. ఎప్పటి గవదబిళ్లలు! ఆ గురువారం నా బదులు కౌసర్ చదువుతోందని, నాకు ఒంట్లో బాగాలేదని రేడియోలో చెప్పారట. అది గుర్తుపెట్టుకున్నాడు. చూశావా, నా శ్రోతలు!

క్యాసెట్ పెట్టాం. చెల్లెలు పలికింది. మొత్తం ఒక నిమిషం. కాలువ వంతెన వార్త ఒకటి, తరవాత వాతావరణం. మీ అక్క వంటగదిలోంచి చేతులు తుడుచుకోకుండానే వచ్చి గోడకానుకుని నిలబడింది. హాజీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాం. 

హాజీ క్యాసెట్ వదిలిపెట్టనన్నాడు. దుకాణంలో రోజూ సాయంత్రం అదే మోగాలట. అందుకని అప్పటికప్పుడు ఆయన్ని స్టూడియోకి తీసుకుపోయి, మా ఇంజనీరును బతిమాలి పెద్ద టేపు మీదికి ఎక్కించాను. గరగర అంతా తీయించాను. దాన్ని అన్ని విధాలా శుభ్రం చేయించి, కొత్త క్యాసెట్లో పెట్టి, మా పక్కింటి కుర్రాడి చేత పంపుతున్నాను. నా చెల్లెలు రేడియోలో కూడా ఇంత బాగా వినపడి ఉండదు. ఇది నీకు నా కానుక.

విని రాయి. ఈసారైనా నాలుగు ముక్కలు రాయి.

సఫ్వత్


అలెగ్జాండ్రియా
జనవరి 20

బావగారికి సలాం.

క్యాసెట్ అందింది. కౌసర్ గొంతే. వాతావరణంలో ‘అస్వాన్’ అనే ఊరి పేరు దగ్గర ఎప్పటిలాగే కొంచెం నవ్వుతున్నట్టుంది. అది నేను మరిచిపోయాను. మళ్లీ దొరికింది. మీకు ఎంతో రుణపడి ఉన్నాను.

చివర కాస్త తెగినట్టుంది. కాపీ చేసేటప్పుడు ఏదైనా పోయిందా? పెద్ద విషయం కాదు.

అక్కకు, హాజీగారికి కృతజ్ఞతలు చెప్పండి.

ఫిక్రీ


కైరో
జనవరి 29

బావా,

నీ ఉత్తరం తిరగేసి చూశాను, వెనక ఇంకేమైనా రాశావేమోనని. లేదు. పండగ చేసుకుంటావనుకుంటే రసీదు పంపావు.

ఏమీ తెగలేదు. అదే చెబుతున్నాను విను. వాతావరణం అయ్యాక దాని పాత జబ్బు ఉందిగా, కాగితం నలపడం, అది ఆ క్యాసెట్లో కూడా ఉంది. ఎంత గట్టిగా నలిపిందంటే షల్బీ హాజీ దుకాణంలో జనం దాన్ని రేడియోలో ఎవరో చేపలు వేయిస్తున్నారనుకుంటారట! నేను ఇంజనీరుతో, "నాయనా, మా చెల్లెలు ఇన్నేళ్లూ దీనికోసమే మాట పడింది. ఇప్పుడైనా మచ్చ లేకుండా ఉండనీ" అన్నాను. వాడు బ్లేడుతో ఆ ముక్క కోసి పారేశాడు. పనితనం చూడు, అతుకు కూడా వినపడదు. ఇప్పుడు ఏ అధికారీ మెమో ఇవ్వలేడు.

మరి నీకెలా తెలిసింది తెగిందని? నేనే చెబితే తప్ప మా స్టూడియోలో ఒక్కడూ కనిపెట్టలేకపోయాడే.

సఫ్వత్


అలెగ్జాండ్రియా
ఫిబ్రవరి 5

బావగారికి సలాం.

మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. తప్పుపట్టడం కాదు.

కైరోలో షుబ్రా పేటలో ఉన్నప్పుడు మాకు ఇంట్లో ఫోన్ లేదు. నేను పత్రిక నుంచి సాయంత్రానికే వచ్చేవాణ్ణి. కౌసర్ ఎనిమిదిన్నర వార్తలు చదివి వచ్చేది. కొన్ని రోజులు వెంటనే బయలుదేరేది. కొన్ని రోజులు తరవాతి వార్తల దాకా ఉండమనేవారు. అది ఆమెకు మైకు ముందు కూర్చునేదాకా తెలిసేది కాదు. నేను ముందే వండితే చల్లారిపోయేది. వండకపోతే ఆమె వచ్చి ఆకలితో కూర్చునేది.

కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఆమే ఉపాయం చెప్పింది. బయలుదేరుతుంటే చివరి కాగితం నలుపుతుంది. అది వినపడగానే నేను అన్నం పొయ్యి మీద పెట్టాలి. సేమ్యా నేతిలో వేయించి, బియ్యం పోసి, మూత పెడితే, అది ఉమ్మగిల్లేసరికి ఆమె మెట్లెక్కుతూ ఉండేది. చప్పుడు రాకపోతే ఆలస్యం అని అర్థం.

మీకు చెప్పవద్దంది. "అన్నయ్యకు తెలిస్తే ప్రభుత్వ మైకు మీద ఇంటి వంటలేమిటని ఉపన్యాసం ఇస్తాడు" అంది. మెమోలు వచ్చినప్పుడు మానేద్దామన్నాను. "మెమోలు చల్లారినా ఫరవాలేదు, అన్నం చల్లారకూడదు" అంది.

మీరు పంపిన క్యాసెట్ విన్నప్పుడు, వాతావరణం అయ్యాక చప్పుడు రాలేదు. ఆలస్యమవుతుందన్నమాట అనుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. అంతే. మీరు చేయించింది ప్రేమతో అని నాకు తెలుసు.

ఫిక్రీ


కైరో
ఫిబ్రవరి 12

బావా,

గాడిద దొరికిందా అని మీ ఇంటికి వచ్చినాయనకు నా చిరునామా ఇవ్వు.

స్టూడియోకి పరిగెత్తాను. చెత్తబుట్ట ఎప్పుడో ఊడ్చేశారు. ఇంజనీరు నా అవతారం చూసి, "అంత ముఖ్యమైనదా సార్?" అన్నాడు. మా చెల్లెలి అన్నం అన్నాను. వాడికేం అర్థమవుతుంది.

ఇన్నేళ్లు దాన్ని తిట్టాను. అది నవ్వేది. ఇద్దరూ కలిసి దేశం మొత్తానికి వినపడేలా కబుర్లు చెప్పుకుంటుంటే, మధ్యలో నేను కూర్చుని మైకు శుభ్రత గురించి పాఠం చెప్పాను! మీ అక్కకు చెప్పాను. కాసేపు ఏడ్చి, ఆనక నా మీద విరుచుకుపడింది. "ముప్పై ఏళ్లు అదే గదిలో కూర్చున్నారు కదా, ఒక్కరోజైనా నాకోసం ఏదైనా నలిపారా?" అంటోంది. రెండు రోజులుగా ఇంట్లో ఇదే.

అసలు క్యాసెట్ హాజీ దగ్గరే ఉంది. దాన్ని ఎవరూ కోయలేదు. దమన్‌హూర్ స్టేషన్ బయటికి వచ్చి షల్బీ చెరకురసం అంటే ఎవరైనా చెబుతారట. నేనే వెళ్లి తెస్తాను. లేదా... నువ్వు వెళితే బాగుంటుంది బావా. నీకు రైల్లో గంట ప్రయాణం. ఈ విషయంలో మళ్లీ నేను చెయ్యి పెట్టకపోవడమే అందరికీ మంచిది.

సఫ్వత్


అలెగ్జాండ్రియా
మార్చి 4

బావగారికి సలాం.

వెళ్లాను.

దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మంలో చెరకు గడలు నిలబెట్టి ఉన్నాయి. గల్లా పక్కన రేడియో, దానిలోనే క్యాసెట్. నేను ఎవరో చెప్పలేదు. ఒక గ్లాసు రసం తీసుకుని మూల బల్ల మీద కూర్చున్నాను. సాయంత్రం కావడంతో జనం బాగానే ఉన్నారు. మిషను చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. అరుచుకుంటున్నారు.

హాజీ క్యాసెట్ పెట్టాడు. వంతెన వార్త మిషను గోలలో కలిసిపోయింది. వాతావరణంలో నాకు ‘అస్వాన్’ ఒక్కటే వినపడింది. తరవాత హాజీ మిషను ఆపేశాడు. అందరూ నోళ్లు మూశారు.

కాగితం నలిగింది.

చప్పుడు నేను అనుకున్నదానికంటే గట్టిగా ఉంది. మెమోలు ఇచ్చినవాళ్లది తప్పు కాదు.

ఒక లావుపాటి ఆయన, "అదిగో, చేపలు తిరగేసింది. కుర్చీలు లాక్కోండర్రా, పాట వస్తోంది" అన్నాడు. అందరూ కుర్చీలు రేడియో వైపు లాక్కున్నారు. రోజూ అలాగేనట. ఆ చప్పుడుకు ముందు మిషను ఆగుతుంది, చప్పుడు రాగానే కుర్చీలు కదులుతాయి. పక్కన మంగలి దుకాణంలోంచి సగం గడ్డంతో ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఇంకొకాయన, "చేపలు కాదురా, అది రేడియోవాళ్ల డబ్బా పాడైన చప్పుడు" అన్నాడు. వాళ్లు చాలా ఏళ్లుగా దీని మీద తగువు పడుతున్నారట. నేను పైకి అనాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"అన్నం పెట్టమని" అన్నాను.

"ఎవర్ని?" అన్నాడు లావుపాటాయన.

"నన్ను."

హాజీ నా వైపు చూశాడు. పత్రిక ప్రకటన ఆయనకు గుర్తొచ్చినట్టుంది. పాట ఆపేశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. మీకు రాసినదానికంటే ఎక్కువే చెప్పాను.  ఆ తరవాత సగం గడ్డం ఆయన అడిగాడు.

"సేమ్యా వేసేవారా?"

"వేసేవాణ్ణి."

"నేతిలో వేయించా, నూనెలోనా?"

"నేతిలో."

"మాడేదా?"

"పెళ్లయిన కొత్తలో. ఆవిడ తినేది."

"మా ఇంట్లో అయితే రేడియో విసిరేసేది" అన్నాడు. దుకాణమంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

మీరు శుభ్రం చేయించిన క్యాసెట్ జేబులో తీసుకెళ్లాను. అది తీసుకుని అసలుది ఇవ్వమని హాజీని అడగాలనుకున్నాను. అడిగాను కూడా. ఆయన మీ క్యాసెట్ చివరిదాకా విని, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"మేష్టారూ, అసలుది మీదే, తీసుకెళ్లండి. కానీ ఇది నాకొద్దు. ఇందులో చప్పుడేదీ? మావాళ్లు కుర్చీలెప్పుడు లాక్కుంటారు?"

తీసుకోలేకపోయాను. ఎదురుగా క్యాసెట్ల దుకాణం ఉంది. అందరం కలిసి రోడ్డు దాటి అక్కడికి వెళ్లాం. సగం గడ్డం ఆయన కూడా వచ్చాడు. కాపీ చేసే అతణ్ణి అందరూ చుట్టుముట్టి, "ఒక్క గీత కూడా శుభ్రం చేయకు, జాగ్రత్త" అని బెదిరించారు. అసలుది హాజీ రేడియోలోనే ఉంది. కాపీ నా దగ్గరుంది. కాగితం నలిగాక పాటలోని మొదటి తీగ కూడా అందులో ఉంది. షుబ్రాలో ఆ తీగ నేనెప్పుడూ సరిగా వినలేదు. అప్పటికి వంటింట్లో ఉండేవాణ్ణి.

చీకటి పడే వేళకు ఇల్లు చేరాను. క్యాసెట్ పెట్టాను. చప్పుడు వచ్చింది. లేచి వెళ్లి సేమ్యా వేయించాను. చేయి తప్పింది, కొంచెం మాడింది. తిన్నాను. బాగుంది.

మర్నాడు ఫోన్ ఆఫీసుకు వెళ్లి చెప్పాను. నిన్న మనిషి వచ్చి బాగుచేశాడు. చేపలావిడ ఇక పలకదు. ఆమెకు మీరు లేని లోటు తీరడం కష్టం.

వచ్చే గురువారం మీరూ అక్కా రండి. అలెగ్జాండ్రియా స్టేషన్లో దిగగానే ఒక ఫోన్ చేయండి. అక్కడి నుంచి ట్రాములో మా ఇంటికి రావడానికి పట్టే సమయం అన్నానికి సరిపోతుంది. ఫోన్లో మాట్లాడకండి. మీరు మొదలుపెడితే ఆపరు, ట్రాము వెళ్లిపోతుంది.

ఒక కాగితం నలపండి. నాకు అర్థమవుతుంది. అక్క చేత నలిపిస్తే మరీ మంచిది.

మీ
ఫిక్రీ